ఆస్ట్రేలియా ట్రిప్: ముందు నెల చూసుకోండి, ఊళ్ల సంగతి తర్వాత

హోస్ట్: నమస్కారం. ఈరోజు మన ఎపిసోడ్ ఆస్ట్రేలియా మీద. మెల్‌బోర్న్‌లోనో సిడ్నీలోనో పిల్లలుంటే చూడ్డానికి వెళ్లే అమ్మానాన్నలు, దసరా సెలవులకో సంక్రాంతి సెలవులకో కుటుంబంతో బయల్దేరేవాళ్లు, ఎలాగూ అంత దూరం వెళ్తున్నాం కదా, దేశమంతా చుట్టేద్దాం అనుకుంటారు. ఇలాంటి ప్రయాణాలు ప్లాన్ చేసిపెట్టే అక్క ఇవాళ మనతో ఉన్నారు. అక్కా, చేతిలో రెండు వారాలున్నాయి. మెల్‌బోర్న్, సిడ్నీ, ఎడారి మధ్యలో ఉండే పెద్ద రాయి ఉలురు, సముద్రంలోని పగడాల దిబ్బలు గ్రేట్ బారియర్ రీఫ్, పెర్త్, టాస్మానియా. కుదురుతాయా?

గెస్ట్: కుదరవు తమ్ముడూ. పెర్త్, టాస్మానియా ఇప్పుడే కొట్టేయ్. ఆస్ట్రేలియా మన దేశానికి రెండింతల కంటే పెద్దది. సిడ్నీ నుంచి పెర్త్‌కి విమానంలోనే 5 గంటలు పడుతుంది. మ్యాపులో వేలెడంత కనిపించే మెల్‌బోర్న్‌కూ, రీఫ్ చూడ్డానికి దిగే ఉత్తరాది ఊరు కెయిర్న్స్‌కూ మధ్య కూడా మూడున్నర గంటలు గాల్లో ఉండాలి. ఎయిర్‌పోర్టుకు వెళ్లడం, చెకిన్, దిగాక బ్యాగులు, హోటల్‌కు చేరడం అన్నీ కలిపితే ఊరు మారిన ప్రతిసారీ ఒక రోజు పోయినట్టే. రెండు వారాలకు నాలుగు మకాములు, అంతే. ఐదోది పెట్టారంటే మిగతా నాలుగూ సగం సగమే చూస్తారు.

హోస్ట్: ఆ నాలుగు ఎలా తేల్చుకోవాలి?

గెస్ట్: నెలను బట్టి. అక్కడ ఋతువులు మనకు తలకిందులని అందరికీ తెలుసు. కానీ ఉత్తరానికి ఒక లెక్క, దక్షిణానికి ఒక లెక్క ఉంటుందన్నది మర్చిపోతారు. జనవరిలో మెల్‌బోర్న్, సిడ్నీ, టాస్మానియా బ్రహ్మాండంగా ఉంటాయి. అదే జనవరిలో కెయిర్న్స్‌లో కుండపోత వానలు, తుఫాన్ల సీజన్. పైగా సముద్రంలో స్టింగర్లు, అంటే విషపు జెల్లీఫిష్‌లు. ఉలురులో 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే. జూలైలో అంతా తిరగబడుతుంది. కెయిర్న్స్ హాయిగా ఉంటుంది, ఉలురులో పగలు నడకకు బాగుంటుంది గానీ రాత్రికి చలి సున్నా దగ్గరకు దిగుతుంది. మెల్‌బోర్న్‌లో మబ్బు, ఈదురుగాలి.

హోస్ట్: అంటే సంక్రాంతి సెలవులకు వెళ్లేవాళ్లు రీఫ్ వదులుకోవాల్సిందేనా?

గెస్ట్: నన్నడిగితే వదులుకోమనే చెప్తాను. సంక్రాంతికైతే మెల్‌బోర్న్, టాస్మానియా, సిడ్నీ పెట్టుకోండి, చాలు. మెల్‌బోర్న్, ఉలురు, కెయిర్న్స్, సిడ్నీ నాలుగూ ఒకే ట్రిప్పులో చూడాలంటే దసరా సమయమే సరైనది. సెప్టెంబరు చివర, అక్టోబరులో దక్షిణాన వసంతం మొదలవుతుంది, ఉలురు ఇంకా మరీ కాలిపోదు, కెయిర్న్స్‌లో స్టింగర్లు ఇంకా రావు. వాటి సీజన్ సుమారుగా నవంబరు నుంచి మే వరకు. ఒక్కటే చూసుకోవాలి. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో అక్కడి స్కూళ్లకూ రెండు వారాల సెలవులుంటాయి. దసరా ఆ వారాల్లో పడిన ఏడాది హోటళ్ల రేట్లు పెరుగుతాయి, ముందే బుక్ చేసుకోవాలి.

హోస్ట్: సరే, దసరాకే అనుకుందాం. ఏ వరుసలో వెళ్లాలి?

గెస్ట్: మెల్‌బోర్న్ 4 రాత్రులు, ఉలురు 2, కెయిర్న్స్ 4, సిడ్నీ 4. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, సింగపూరో కౌలాలంపూరో బ్యాంకాకో మారాలి. టికెట్ తీసేటప్పుడు రిటర్న్ కాకుండా మల్టీ సిటీ అని వెతకండి. వెళ్లేది మెల్‌బోర్న్‌కు, తిరుగు ప్రయాణం సిడ్నీ నుంచి. మెల్‌బోర్న్ రానూపోనూ తీశారంటే, చివర్లో ఆ విమానం కోసమే మళ్లీ వెనక్కి పోవాలి.

సిడ్నీని చివర్లో పెట్టడానికి ఇంకో కారణం ఉంది. లోపలి విమానాల టికెట్లు మీరు విడిగా కొంటారు. కెయిర్న్స్ నుంచి వచ్చే విమానం లేటయి ఇంటికెళ్లే విమానం తప్పిపోతే, ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్‌కు దాంతో సంబంధం లేదు, కొత్త టికెట్ మీ ఖర్చే. చివరి మూడు నాలుగు రాత్రులు సిడ్నీలోనే ఉంటే ఆ గొడవ ఉండదు.

హోస్ట్: ముందు ఏది బుక్ చేయాలి?

గెస్ట్: చాలామంది మెల్‌బోర్న్, సిడ్నీ హోటళ్లు బుక్ చేసి ఆఖర్న ఉలురుకు వస్తారు. అక్కడే చిక్కు. ఉలురుకు విమానాలు తక్కువ, కొన్ని రూట్లలో వారంలో కొన్ని రోజులే ఉంటాయి. యులారా అనే ఒక్క ఊళ్లోనే బస, అందుకే గదుల రేటు కూడా ఎక్కువే. కాబట్టి ముందు మెల్‌బోర్న్ నుంచి ఉలురు, ఉలురు నుంచి కెయిర్న్స్ విమానాలు ఏ రోజుల్లో ఉన్నాయో చూడండి. ఆ రెండు తేదీలు, యులారాలో గది ఖాయమయ్యాక మిగతావి వాటి చుట్టూ సర్దండి. నేరు విమానం లేని రోజైతే సిడ్నీ మీదుగా పోవాలి, ఒక పూట అదనంగా పోతుంది.

ఇంకో మాట. దిగాల్సింది యులారా పక్కనున్న ఏయర్స్ రాక్ ఎయిర్‌పోర్టులో, ఆలిస్ స్ప్రింగ్స్‌లో కాదు. టికెట్ చవగ్గా ఉందని ఆలిస్ స్ప్రింగ్స్‌కు తీసుకుంటే అక్కణ్నుంచి ఉలురుకు సుమారు 450 కిలోమీటర్లు. మెల్‌బోర్న్‌కూ అలాగే రెండు ఎయిర్‌పోర్టులు. టల్లమరీన్ ఊరికి దగ్గర, అవలాన్ జీలాంగ్ వైపు.

హోస్ట్: ఉలురులో రెండు రాత్రులు సరిపోతాయా?

గెస్ట్: సరిపోతాయి, సమయాలు సరిగ్గా పెట్టుకుంటే. మధ్యాహ్నం దిగుతారు, ఆ సాయంత్రం సూర్యాస్తమయం. రాయి ఎత్తు 348 మీటర్లు. ఎండ వాలేకొద్దీ రంగు నారింజ నుంచి ముదురు ఎరుపుకు, చివరికి ఊదాకు తిరుగుతుంది. సూర్యుడు మునిగాక కూడా పది నిమిషాలు ఆగండి, ఆఖరి రంగు అప్పుడే వస్తుంది. కానీ పార్కు గేటు మూసే టైము నెలనెలా మారుతుంది, అది చూసుకోవాలి.

రెండో రోజు తెల్లవారకముందే బయల్దేరి చుట్టూ నడిచే దారి, 10 కిలోమీటర్ల పైచిలుకు. ఎక్కడా పెద్దగా ఎక్కుడు లేదు, మూడున్నర గంటలు పట్టొచ్చు. 11 గంటలకల్లా ముగించేయాలి. పెద్దవాళ్లుంటే ముటిజులు నీటిగుంట వరకు వెళ్లే చిన్న దారి చాలు. సాయంత్రం కాటా జుటా, అంటే అదే పార్కులోని గుండ్రటి రాతికొండల గుంపు. అక్కడ వ్యాలీ ఆఫ్ ద విండ్స్ దారి, ఆరోజు ఎండ 36 డిగ్రీలు దాటుతుందని అంచనా ఉంటే 11 గంటలకే కొంత భాగం మూసేస్తారు, పొద్దున్నే వెళ్లినవాళ్లకే దక్కుతుంది.

రాయి ఎక్కడం 2019 అక్టోబరు 26 నుంచి పూర్తిగా నిషేధం. అది అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్ర స్థలం. కొన్నిచోట్ల ఫొటోలు తీయొద్దని బోర్డులుంటాయి, మన గర్భగుడిలో ఎలా ఉంటామో అక్కడా అలాగే ఉండాలి.

హోస్ట్: పార్కులో తిరగడానికి కారు కావాలా?

గెస్ట్: ఊళ్లో ఉచిత బస్సు ఉంటుంది, అది పార్కులోకి పోదు. డబ్బు కట్టే షటిల్ బస్సులున్నాయి, కారూ అద్దెకు దొరుకుతుంది. నలుగురుంటే కారు నయం. రోజుకు ఎన్ని కిలోమీటర్లు ఉచితమో అద్దె కాగితంలో చూడండి. చీకటి పడ్డాక ఊరు దాటి నడిపితే చాలా అద్దె కార్ల ఇన్సూరెన్స్ వర్తించదు. కంగారూలు, ఒంటెలు రోడ్డెక్కేది అప్పుడే. తలకు కట్టుకునే ఈగల వల కూడా కొనుక్కోండి, ఎండ పెరిగేకొద్దీ ఈగలు కళ్లలోకి వస్తాయి.

హోస్ట్: ఇప్పుడు కెయిర్న్స్. బీచ్ అంటే అదే అనుకుంటాం కదా.

గెస్ట్: కెయిర్న్స్ ఊరి ముందు ఈత కొట్టే బీచ్ లేదు, ఆటు వచ్చినప్పుడు అంతా బురద. అందుకే ఒడ్డున ఉప్పునీటి లగూన్ కట్టారు, ఉచితం, పిల్లలకు బాగుంటుంది. ఇసుక బీచ్ కావాలంటే ఉత్తరాన పామ్ కోవ్‌కు వెళ్లాలి. ఇంక ఏ వాగులోనూ, మడ అడవుల దగ్గరా నీళ్లలో దిగకూడదు. మొసళ్లుంటాయి.

రీఫ్ ట్రిప్పు కెయిర్న్స్‌లో మొదటి రోజుకే బుక్ చేయండి. గాలి ఎక్కువై బోటు రద్దయితే తర్వాతి రోజుకు మార్చుకోవచ్చు. చివరి రోజు పెట్టుకున్నవాళ్లకు ఆ వీలుండదు. మిగిలిన రోజు కురాండా కొండకు రైల్లో వెళ్లి, స్కైరైల్ కేబుల్ కారులో అడవి మీదుగా దిగొచ్చు.

హోస్ట్: ఈత రాని వాళ్లు, పెద్దవాళ్లు?

గెస్ట్: వాళ్లతో అయితే చిన్న డైవింగ్ బోటు వద్దు, రీఫ్ దగ్గర లంగరేసిన పాంటూన్‌కు, అంటే నీళ్ల మీద తేలే పెద్ద వేదికకు వెళ్లే పెద్ద బోటు తీసుకోండి. ఎక్కువ పాంటూన్లలో అద్దాల అడుగు పడవ, నీళ్ల కిందకు కిటికీలుండే సెమీ సబ్‌మెరైన్ టికెట్లోనే ఉంటాయి. నీళ్లలో దిగకుండానే పగడాలు చూడొచ్చు. స్నార్కెలింగ్, అంటే మాస్కు, గాలి గొట్టం పెట్టుకుని నీళ్లపైన తేలుతూ చూడటం, చేసేవాళ్లతో ఆరోగ్యం ఫారం నింపిస్తారు. 60 దాటినా, గుండె జబ్బు, ఆస్తమా, మూర్ఛ ఉన్నా ఫ్లోటేషన్ వెస్ట్ వేసుకోమంటారు. నామోషీ అనుకోవద్దు, ఉన్న జబ్బు దాచొద్దు. కళ్లజోడు ఉన్నవాళ్లు పవర్ మాస్క్ ఉందేమో బుకింగ్‌లోనే అడగండి. వాంతి మాత్ర బోటు కదిలాక వేస్తే పనిచేయదు, అరగంట ముందే వేసుకోవాలి. స్కూబా చేస్తే ఆ తర్వాత 18 నుంచి 24 గంటలు విమానం ఎక్కకూడదు. రీఫ్ మీద తిప్పే హెలికాప్టరూ అందులోకే వస్తుంది.

హోస్ట్: సిడ్నీలో బోండై, మెల్‌బోర్న్ దగ్గర ఫిలిప్ ఐలాండ్. బీచ్‌లలో ఏం చూసుకోవాలి?

గెస్ట్: ఈ ఒక్కటీ అందరూ గట్టిగా వినాలి. ఎరుపు, పసుపు జెండాల మధ్యే దిగాలి. లైఫ్‌గార్డులు కాపలా కాసేది ఆ కాస్త మేరే. జెండాలు లేని బీచ్‌లో మోకాలు దాటి దిగొద్దు. 2024 జనవరిలో ఫిలిప్ ఐలాండ్‌లో కాపలా లేని బీచ్‌లో నలుగురు భారత సంతతి వాళ్లు మునిగి చనిపోయారు. ప్రాణం తీసేది రిప్ కరెంట్, ఒడ్డుకు వచ్చిన నీళ్లు ఒకే పాయగా వెనక్కి లాగే ప్రవాహం. చూసేవాళ్లకు అక్కడ అలలు తక్కువగా, నీళ్లు ముదురు రంగులో ప్రశాంతంగా కనిపిస్తాయి. మనవాళ్లు అలలు లేవు కదా అని సరిగ్గా అక్కడే దిగుతారు. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకండి, అలసిపోతారు. తేలుతూ, చెయ్యెత్తి పిలవండి. ఈత వస్తే ఒడ్డుకు సమాంతరంగా పక్కకు పొండి.

హోస్ట్: గ్రేట్ ఓషన్ రోడ్ ఒక్క రోజులో చేయొచ్చా?

గెస్ట్: బస్సు టూర్లు చేయిస్తాయి, 12 గంటలు కూర్చోవాలి. టార్కీ నుంచి అలన్స్‌ఫోర్డ్ దాకా 243 కిలోమీటర్ల రోడ్డది, మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా వేశారు. మీరే నడిపితే మెల్‌బోర్న్ 4 రాత్రుల్లో ఒకటి పోర్ట్ క్యాంప్‌బెల్‌లో పెట్టుకోండి. తీరం వెంట ఆగుతూ వెళ్లి, సాయంత్రం ట్వెల్వ్ అపోసల్స్ అనే, సముద్రంలో నిలబడ్డ రాతి స్తంభాలు చూసి, మర్నాడు లోపలి హైవేలో మూడు గంటల్లో వచ్చేయొచ్చు. టూరు బస్సులన్నీ మధ్యాహ్నం వస్తాయి, సాయంత్రానికి రద్దీ తగ్గుతుంది.

డ్రైవింగ్ మనలాగే ఎడమ వైపు. ఇంగ్లీషులో ఉన్న మన లైసెన్స్ టూరిస్టులకు చెల్లుతుంది. మెల్‌బోర్న్ నడిబొడ్డున మాత్రం ట్రామ్‌ల వల్ల కొన్ని కూడళ్లలో హుక్ టర్న్ ఉంటుంది. కుడికి తిరగాలంటే ఎడమ లేన్‌లో ముందుకెళ్లి ఆగి, అడ్డంగా ఉన్న రోడ్డుకు పచ్చ లైటు పడ్డాక తిరగాలి. అది కొత్తైతే ఊళ్లో ట్రామ్ ఎక్కండి, సెంటర్‌లో ఉచితం. ఏడేళ్ల లోపు పిల్లలకు కారులో చైల్డ్ సీటు తప్పనిసరి, మన దగ్గర కొన్నది చెల్లదు, కారుతో పాటే అద్దెకు తీసుకోండి.

హోస్ట్: సిడ్నీలో?

గెస్ట్: కారు అక్కర్లేదు. రైలు, బస్సు, ఫెర్రీ అన్నిటికీ బ్యాంకు కార్డు ట్యాప్ చేస్తే చాలు. మనిషికో కార్డు ఉండాలి. ఎక్కేటప్పుడు కార్డు, దిగేటప్పుడు ఫోన్ ట్యాప్ చేస్తే అవి రెండు వేరు ప్రయాణాలుగా లెక్కపడి ఎక్కువ కోస్తారు. సర్క్యులర్ కీ నుంచి మాన్లీ ఫెర్రీ అరగంట. ఓపెరా హౌస్, హార్బర్ బ్రిడ్జ్ రెండూ ఆ టికెట్లోనే నీళ్ల మీద నుంచి కనిపిస్తాయి, విడిగా క్రూయిజ్ అవసరం లేదు. బ్లూ మౌంటెన్స్‌కు కటూంబా రైలు రెండు గంటలు. అన్నం, సాంబారు కావాలంటే మన హోటళ్లుండే హారిస్ పార్క్ ఏరియాకు వెళ్లండి.

హోస్ట్: చివరగా లగేజీ. ఆవకాయ తీసుకెళ్లొచ్చా?

గెస్ట్: ముందు బరువు సంగతి. ఇంటర్నేషనల్ టికెట్లో 30 కిలోలున్నా, విడిగా కొన్న లోపలి టికెట్లకు అది వర్తించదు. చవక ఎయిర్‌లైన్ జెట్‌స్టార్‌లో చేతి సామాను మామూలు టికెట్‌కు రెండు బ్యాగులూ కలిపి 7 కిలోలే, గేటు దగ్గర తూస్తారు. బ్యాగేజీ ఆన్‌లైన్‌లో ముందే కొనండి, ఎయిర్‌పోర్టులో రేటు చాలా ఎక్కువ.

ఇక తిండి. కరివేపాకు, పళ్లు, విత్తనాలు వద్దు. పాలతో చేసిన స్వీట్లు, కోవా, బర్ఫీ, రసమలై లాంటివి రానివ్వరు. మన దేశంలో పశువులకు గాలికుంటు వ్యాధి ఉంది, పాల పదార్థాలతో అది వస్తుందని వాళ్ల భయం. ఆవకాయ, పొడులు ఫ్యాక్టరీ ప్యాకింగ్‌లో, పేరు చదవగలిగేలా ఉంటే మంచిది. ఏదున్నా అరైవల్ కార్డులో ఆహారం ప్రశ్నకు అవును అని రాయాలి. అవును అన్నవాళ్లకు జరిమానా ఉండదు, ఆఫీసర్ చూసి వదిలేస్తాడు, లేదా పారేస్తాడు. దాచి దొరికితే భారీ జరిమానా, విజిటర్ వీసా ఎయిర్‌పోర్టులోనే రద్దు కావచ్చు. ఇంగ్లీషు చదవడం ఇబ్బందైన అమ్మానాన్నలు ఒంటరిగా వెళ్తుంటే, ఏ ప్రశ్నకు ఏం టిక్ పెట్టాలో ఒక కాగితం మీద తెలుగులో రాసి పాస్‌పోర్టులో పెట్టి పంపండి.