ముళ్లకంచె గీరిన గేదెకు పెరటి ఆకుల మందు

(కెమెరా గేదె వెనక తొడ మీద)

నమస్తే అండీ. ముందు మా నల్లమ్మ తొడ చూడండి. ఇదిగో, ఇక్కడ. నాలుగు రోజుల కింద పక్క చేలోకి దూరబోయి ముళ్లకంచెకు గీరుకుంది. జానెడు పొడవు, పెద్ద లోతు లేదు. చిన్నదే కదా అని ఇంత పసుపు అద్ది వదిలేశాం. తప్పు మాదే. అసలే వానాకాలం, ఈగలు ముసురుతున్నాయి, ఇదేమో రోజూ చెరువులో పడి పొర్లి వస్తోంది. పొద్దున పాలు తీస్తుంటే ఒకటే కాలు విదిలిస్తోంది, తోకతో అక్కడే కొట్టుకుంటోంది. వంగి చూస్తే పుండు మూలలో తెల్లగా కదులుతున్నాయి. పురుగు పడింది.

ఈగ గుడ్లు పెట్టిందంటే ఒక్క రోజులో పిల్లలైపోతాయి. అవి పచ్చి మాంసం తింటూ లోపలికి తొలుస్తాయి. పైకి రూపాయి బిళ్లంత కనిపించినా లోపల గుంత పెద్దదే ఉండొచ్చు.

ఇంట్లో చేసుకోదగ్గది ఇలాంటి పైపై గాయమే. ఎముక కనిపించినా, పొట్ట మీద కోసుకున్నా, చన్ను తెగి పాలు కారుతున్నా, దెబ్బ కంటి దగ్గరున్నా, మేత మానేసినా ఈ వీడియో అక్కడితో ఆపి 1962కి ఫోన్ చేయండి. ఆంధ్రాలోనైనా తెలంగాణలోనైనా పశువుల అంబులెన్సుకు అదే నంబరు. రక్తం ఆగకపోతే శుభ్రమైన బట్ట మడతపెట్టి పది నిమిషాలు గట్టిగా నొక్కి పట్టండి. ఆగిందా లేదా అని మధ్యమధ్యలో ఎత్తి చూడకండి, ఎత్తినప్పుడల్లా మళ్లీ మొదలవుతుంది.

ఇక కుక్క కరిచిన గాయమైతే ఆకులూ పసుపూ ఏమీ వద్దు. చేతులకు తొడుగులు వేసుకుని, సబ్బు నీళ్లతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, ఆ రోజే డాక్టరు దగ్గరికి. పిచ్చికుక్క రోగానికి టీకాయే దిక్కు.

సరే, పని మొదలెడదాం. మామయ్యా, పగ్గం కాస్త పొట్టిగా పట్టుకోండి... ఆఁ, గుంజకు దగ్గరగా. మీరు దాని తల దగ్గరే ఉండండి, మెడ కింద నిమురుతూ ఉంటే కదలదు.

లీటరు నీళ్లు మరిగించి చల్లార్చాను. అందులో చెంచాన్నర ఉప్పు, అంటే తొమ్మిది గ్రాములు. ఇంకా ఎక్కువ వేస్తే మంట పుట్టి తంతుంది. మూతకు చిల్లు పెట్టిన నీళ్ల సీసాతో ఇలా చిమ్మాలి, పై నుంచి కిందికి. మట్టి, చీము, గడ్డలు అన్నీ పోయేదాకా. నా లెక్కలో సగం వైద్యం ఇదే. మనవాళ్లు మందు ఏమేసావని అడుగుతారు కానీ కడిగావా అని అడగరు.

ఇప్పుడు పురుగుల సంగతి. గుప్పెడు సీతాఫలం ఆకులు మెత్తగా నూరి ఇదిగో ఇలా గుంతలో కూరుతున్నాను. ఆకులే సుమా, గింజలు కాదు. గింజల పొడి కంట్లో పడితే మనకైనా పశువుకైనా కన్ను పోయేంత పని అవుతుంది. సీతాఫలం దొరక్కపోతే కొబ్బరినూనెలో హారతి కర్పూరం కరిగించి పోయొచ్చు. ఇది పురుగు పడిన పుండుకే, అదీ మొదటి రోజే. కాసేపటికి పురుగులు బయటికి వస్తాయి. చూశారా? (కెమెరా దగ్గరికి) కాచిన పట్టకారుతో ఒక్కోటి తీసి, వేడినీళ్ల డబ్బాలో వేయండి. కింద పారేస్తే మట్టిలో దూరి మళ్లీ ఈగలై వస్తాయి.

ఇక అసలు మందు. ఇది నా సొంతం కాదు, గుజరాత్ ఆనంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి సంస్థ, అదే ఎన్‌డీడీబీ, రైతులకు చెప్పే మందే. గాలికుంటు రోగంలో గిట్టల పుండ్లకూ ఇదే వాడతారు. కుప్పింటాకు గుప్పెడు. మీ దగ్గర మురిపిండాకు అంటారేమో, గోడల వెంట ఊరికే మొలుస్తుంది. పీకి పడేస్తే పిల్లులు వచ్చి వేరు మీద పొర్లాడతాయే, అదే. వేపాకు గుప్పెడు, తులసి గుప్పెడు, గోరింటాకు గుప్పెడు. వెల్లుల్లి పది రెబ్బలు. పసుపు ఇరవై గ్రాములు. అన్నీ కలిపి రుబ్బి, అరలీటరు కొబ్బరినూనెలోనో నువ్వులనూనెలోనో వేసి సన్నసెగ మీద కాచాలి. చిటపటలు ఆగాయంటే తడి పోయినట్టే. తడి ఉంటే మందుకు బూజు పడుతుంది. పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉన్నా పచ్చి పుండు మీద వేయకండి.

శుభ్రమైన నూలుబట్ట ఇందులో ముంచి పుండు మీద పరుస్తున్నాను. తొడ మీద కట్టు నిలవదు కాబట్టి చుట్టూ కూడా నూనె రాస్తున్నా, ఆ వాసనకు ఈగ వాలదు. రోజూ కడిగి, చూసి, మళ్లీ వేయాలి. పుండు మానేదాకా నల్లమ్మకు చెరువు బంద్. కొట్టంలోనే బిందెలతో నీళ్లు పోస్తాం, పుండు తడవకుండా. అలుగుతుంది, తెలుసు.

మా ఊళ్లో ఇంకా కిరసనాయిలు, పాత ఇంజనాయిలు, ఫినాయిలు పోసేవాళ్లున్నారు. పురుగు చచ్చే మాట నిజమే, దాంతోపాటు మానుతున్న కండా చస్తుంది. పేడ, సున్నం, కాఫీపొడి కూడా వద్దు. నొప్పికని మన డైక్లోఫెనాక్ మాత్రలు పశువుకు మింగించకండి. ఆ పశువు కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోతుంటేనే 2006లో పశువులకు దాన్ని ఆపేశారు.

కుక్కలకు, పిల్లులకు ఈ నూనె రాయొచ్చా అంటే, వద్దు. అవి నాకేస్తాయి. వెల్లుల్లి, కర్పూరం రెండూ వాటికి విషమే. వాటికి ఉప్పునీళ్ల కడుగుడు, నాకకుండా మెడకు అట్ట, ఆపైన డాక్టరు. పారాసెటమాల్ సగం మాత్ర చాలు, పిల్లి ప్రాణం పోవడానికి.

నూనె మిగిలింది కదా, సీసాలో పోసి, మీద 'పశువుల మందు' అని రాసి పెడుతున్నాను. కిందటిసారి రాయలేదు. మా అత్తమ్మ తలకు పెట్టుకున్నారు. మామయ్యా, ఇక పగ్గం వదిలేయండి.