గుమ్మం మీద మూడో అక్షరం

ప్రిన్సిపాల్ గారికి, చరిత్ర శాఖ అధ్యాపకులకు, కుర్చీలు చాలక గోడవారగా నిలబడ్డ అమ్మాయిలకు నమస్కారం. శాలువా వద్దు, ఆ డబ్బుతో లైబ్రరీకి ఒక పుస్తకం కొనండి అని ముందే అడిగాను. ఒప్పుకున్నారు, చాలా సంతోషం.

మహిళా దినోత్సవం కదా, ఏదైనా చెప్పమన్నారు. నేనొక ఇంటి గురించి చెబుతాను. ఫ్రాన్స్‌లో తూర్ నగరానికి దగ్గర్లో, షేర్ అనే నది మీద ఉంది. పేరు షెనొన్సో. కోట అంటారు గానీ ఫిరంగులు, కందకాలు గుర్తొచ్చే కోట కాదు. ఒక పాత మిల్లు పునాదుల మీద లేచిన భవనం, దాని వెనక నదికి అడ్డంగా వంతెన, ఆ వంతెన మీద అరవై మీటర్ల పొడవున్న హాలు. కింద నీళ్ళు పారుతూనే ఉంటాయి. మా అమ్మాయి అక్కడ చదువుకునే రోజుల్లో వెళ్ళి చూశాను.

దాన్ని ఆడవాళ్ళ కోట అంటారు. ఎందుకు అని అడిగితే అందరూ చెప్పేది ఒకటే కథ. రాజు రెండవ హెన్రీ ఆ కోటని 1547లో తన ప్రియురాలు దియాన్ ద ప్వాతియేకి ఇచ్చాడు. 1559లో ఒక పోటీలో బల్లెం ముక్క కంట్లో గుచ్చుకుని రాజు చనిపోయాడు. రాణి కాతరిన్ ద మెదిచి దియాన్ చేత ఆ కోట ఖాళీ చేయించి, బదులుగా షోమాఁ కోట ఇచ్చింది. అంతే కథ. సవతుల పోరు! నాలుగు వందల ఏళ్ళకి పైగా జనం చెప్పుకుంటున్నది ఇదే. నాకు దీని మీద చాలా కోపం ఉంది, దాచుకోను. ఆ ఇద్దరూ ఏం చేశారో చూడండి. నది మీద వంతెన కట్టించింది దియాన్. దాని మీద హాలు లేపింది కాతరిన్. ఇవాళ మనం ఫోటోల్లో చూసేది వాళ్ళిద్దరి పనీ కలిసిన కట్టడం. ఇంకో మాట. రాజు ఇచ్చాడని దియాన్ ఊరికే కూర్చోలేదు. రాజు పోతే ఆ కోట కూడా పోతుందని ఆమెకి తెలుసు. అందుకని లాయర్లని పెట్టి, కోట రాజు చేతికి వచ్చిన పాత అమ్మకాన్ని రద్దు చేయించి, 1555లో చట్టప్రకారం కొనుక్కుంది. అయినా నిలవలేదు. అది వేరే సంగతి.

వీళ్ళకంటే ముందు వెళ్దాం. 1513లో ఆ స్థలం కొన్నది తోమా బోయియే, రాజుగారి ఖజానా చూసే పెద్ద అధికారి. ఇటలీ యుద్ధాల వల్ల ఆయన ఎప్పుడూ ఊళ్ళో ఉండేవాడు కాదు. దగ్గరుండి కట్టించింది భార్య కాతరిన్ బ్రిసోనే. మెట్లదారి సంగతే తీసుకోండి. అప్పటిదాకా పెద్ద ఇళ్ళలో మెట్లంటే గుండ్రంగా తిరుగుతూ పైకి పోయేవి. షెనొన్సోలో తిన్నగా వెళ్ళి, మళ్ళీ వెనక్కి తిరిగి ఎక్కే మెట్లు పెట్టారు. ఫ్రాన్స్‌లో ఇలాంటి తిన్నని మెట్లలో ఇవి తొలినాటివి. నేను ఆ మెట్లు ఎక్కుతూ, రోజంతా ఇంట్లో పైకీ కిందకీ తిరిగే మనిషికే ఈ ఆలోచన వచ్చి ఉంటుంది అనుకున్నాను. రుజువు అడగకండి, నా నమ్మకం.

పెద్ద తలుపు దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఎడమ వైపు తోమా వంశం గుర్తు, కుడి వైపు కాతరిన్ వంశం గుర్తు. ఆ కోటలో ఇంకోచోట మూడు అక్షరాలు చెక్కించారు: టి, బి, కె. తోమా, బోయియే, కాతరిన్. పక్కనే ఒక మాట, ఇది పూర్తయితే నన్ను తలుచుకుంటారు అనే అర్థంలో. ఆ మూడో అక్షరం చూడగానే నాకు కళ్ళమ్మట నీళ్ళు వచ్చాయి. మా అమ్మాయి కంగారుపడింది. ఏం లేదే, మీ ముత్తమ్మ గుర్తొచ్చింది అన్నాను.

ఇక్కడ కాస్త దారి తప్పుతాను, క్షమించాలి.

మా నాయనమ్మది కాకినాడ దగ్గర ఒక పల్లె. తాతయ్య రంగూన్‌లో బియ్యం మిల్లులో గుమాస్తా. రెండేళ్ళకో మూడేళ్ళకో స్టీమర్ ఎక్కి వచ్చేవాడు. మా మండువా లోగిలి కట్టింది ఆ రోజుల్లోనే. డబ్బు తాతయ్య పంపాడు, కాదనను. గానుగ సున్నం సరిగా ఆడిందో లేదో వేళ్ళ మధ్య నలిపి చూసింది నాయనమ్మ. తాపీ మేస్త్రీతో పోట్లాడి, పెట్టిన ద్వారబంధం వంకర ఉందని తీయించి మళ్ళీ పెట్టించింది నాయనమ్మ. ఆవిడకి చదువు రాదు. ఇటుకల బండి వస్తే వెయ్యికొక గీత చొప్పున కొట్టుగది గోడ మీద బొగ్గుతో గీసేది. ఐదో గీత అడ్డంగా. ప్రతి సంక్రాంతికి ఇల్లంతా వెల్ల వేసినా, ఆ ఒక్క గోడ జోలికి ఎవరినీ వెళ్ళనిచ్చేది కాదు. చిన్నప్పుడు నేను ఆ గీతలు లెక్కపెట్టేదాన్ని. ముప్ఫై ఎనిమిది.

వీధి గుమ్మం మీద సిమెంటుతో పోసిన పేరు మాత్రం తాతయ్యది. కింద సంవత్సరం, 1934. అంతే. పంపకాలప్పుడు ఇల్లు పడగొట్టారు. ద్వారబంధం కలప వ్యాపారి తీసుకెళ్ళాడు. గుమ్మం మీది పేరు ముక్కని మా పెదనాన్నగారి అబ్బాయి జాగ్రత్తగా దాచాడు. బొగ్గు గీతల గోడ ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ గుర్తు రాలేదు. అప్పుడు నేను వేరే ఊళ్ళో ఉద్యోగంలో ఉన్నాను, ఒక్క ఫోటో అయినా తీయించి ఉండాల్సింది.

సరే, షెనొన్సోకి వద్దాం. తోమా 1524లో పోయాడు, కాతరిన్ 1526లో. కొడుకు 1535లో అప్పుల కింద కోటని రాజుకి అప్పగించాడు. అక్కణ్ణించి దియాన్, మెదిచి సంగతి చెప్పాను. మెదిచి 1589లో పోతూ కోడలు లూయీజ్‌కి ఇచ్చింది. అదే ఏడాది లూయీజ్ భర్త, మూడవ హెన్రీ రాజు, హత్యకి గురయ్యాడు. ఆ రోజుల్లో రాణులు దుఃఖానికి తెల్లబట్టలు కట్టేవారు. ఆమె తన గదికి నల్లరంగు వేయించి, దాని మీద వెండి కన్నీటి బొట్లు గీయించుకుంది. ఆ గది ఇప్పటికీ చూపిస్తారు. అత్తగారు చేసిన అప్పుల కోసం ఋణదాతలు వెంటపడితే ఆ గదిలో ఉన్న మనిషే ఎదుర్కోవాల్సి వచ్చింది. కన్నీటి బొట్ల గురించి అందరూ చెబుతారు, ఆ అప్పుల గురించి ఎవరూ చెప్పరు.

తర్వాతి వందేళ్ళ పైచిలుకు కాలపు యజమానులని వదిలేస్తాను, టైం లేదు. 1733లో క్లోద్ దుపాన్ కొన్నాడు. ఆయన భార్య లూయీజ్ దుపాన్. వోల్టేర్, మాంటెస్క్యూ లాంటి పేరున్న రచయితలు ఆమె అతిథులు. తర్వాత పెద్ద తత్వవేత్తగా పేరు పొందిన రూసో ఆమె దగ్గర సెక్రటరీ, జీతానికి పనిచేశాడు. ఫ్రెంచి విప్లవం వచ్చింది. కోటలు కాలుస్తున్నారు. ఈ కోటని కూల్చేద్దామని వస్తే, ఆ ముసలావిడ ఇది వంతెన అని చెప్పిందట. చుట్టుపక్కల చాలా దూరం వరకు నది దాటే దారి ఇదొక్కటే, కూల్చితే మీరెలా దాటుతారు అని. లోపలి ప్రార్థనా మందిరాన్ని కట్టెల కొట్టుగా మార్చి కాపాడింది. దియాన్ కట్టించిన వంతెన రెండు వందల ఏళ్ళు దాటాక కోట ప్రాణం నిలిపింది. 1799లో, తొంభై మూడేళ్ళ వయసులో ఆవిడ పోయింది.

ఆ వంతెన అక్కరకు వచ్చింది ఒక్కసారే కాదు. చాక్లెట్ల తయారీదారులైన మెనియే కుటుంబం 1913లో కోట కొంది, ఇప్పటికీ వాళ్ళదే. మొదటి ప్రపంచయుద్ధంలో ఆ పొడవాటి హాలు నిండా మంచాలు వేసి ఆసుపత్రి చేశారు. 2,254 మంది గాయపడ్డ సైనికులకి అక్కడ వైద్యం జరిగింది. నర్సులకి పెద్దగా నిలబడింది ఆ ఇంటి కోడలు సిమోన్ మెనియే. రెండో యుద్ధంలో జర్మన్లు ఆక్రమించిన ప్రాంతానికీ, మిగతా ఫ్రాన్స్‌కీ మధ్య ఆ నదే హద్దు. హాలు అవతలి తలుపు తీస్తే స్వేచ్ఛ. ఎంతమందో అలా దాటారు.

నేను ముఖ్యంగా చెప్పాలని వచ్చింది ఇంకా మిగిలి ఉంది, ఇంకొక్క ఐదు నిమిషాలు. లూయీజ్ దుపాన్ ఆడవాళ్ళ గురించి ఒక పెద్ద పుస్తకం రాయాలని పూనుకుంది. చదువు, ఆస్తి, చట్టం, అన్నిట్లో స్త్రీలకి సమానత్వం ఎందుకు దక్కలేదో చరిత్రంతా వెతికింది. వేల పేజీలు. ఆమె చెబుతుంటే కాగితం మీద పెట్టింది, నోట్సు తయారుచేసింది సెక్రటరీ రూసో. పుస్తకం పూర్తి కాలేదు, అచ్చు కాలేదు. 1950లలో ఆ కాగితాలు వేలానికి వచ్చి ముక్కలుముక్కలుగా తలో దేశానికి పోయాయి. కొన్నవాళ్ళు ఎందుకు కొన్నారంటే, అది రూసో చేతిరాత! ఆలోచన ఆమెది, అమ్ముడుపోయింది ఆయన అక్షరాలు. ఆయన తన ఆత్మకథలో ఆ పని గురించి రాసింది చాలా తక్కువ. ఇటీవలే పరిశోధకులు ఆ కాగితాలని పోగుచేసి ఆమె పేరుతో తెస్తున్నారు.

అమ్మాయిలూ, ప్రిన్సిపాల్ గారిని ఒకటి అడిగాను, ఆయన సరేనన్నారు. మైకు ఇప్పుడు వెనక వరుసకి పంపిస్తున్నాను. మీ ఇల్లు కట్టేటప్పుడు ఎండలో నిలబడి ఎవరు చూసుకున్నారు, గోడలకి క్యూరింగ్ నీళ్ళు ఎవరు పట్టారు, సిమెంటు బస్తాల లెక్క ఎవరు రాశారు, ఆ మనిషి పేరు చెప్పండి. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా. మీ చరిత్ర మేడం పెద్ద రిజిస్టరు తెచ్చారు, రాసుకుంటారు. మొదటి పేజీలో మొదటి పేరు నాయనమ్మది, ఇందాకే నా చేత్తో రాశాను. పక్కన ముప్ఫై ఎనిమిది గీతలు కూడా గీశాను, ఐదో గీత అడ్డంగా. ఆ చివర నిలబడ్డ అమ్మాయీ, నువ్వు మొదలుపెట్టమ్మా.