పట్టు సడలిస్తేనే పాట

(సొంతంగా పాటలు రాసుకుని, గిటార్ మీద బాణీ కట్టుకునే కుర్రకారు కోసం ఒక ఆదివారం ఉదయం విశాఖపట్నంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. కూర్చోండి, కూర్చోండి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కింద కూర్చున్నా ఫరవాలేదు.

మాట్లాడే ముందు చిన్న పని చేయిస్తాను. గిటార్లు తెచ్చుకున్నవాళ్లు ఒళ్లో పెట్టుకోండి. తేనివాళ్లు పక్కవాళ్ల వేళ్లు చూడండి. సన్నతీగ నుంచి లెక్కపెడితే మూడో తీగ మీద, ఐదో ఫ్రెట్ దగ్గర, అంటే మెడ మీది ఐదో అడ్డకమ్మీ దగ్గర, చూపుడువేలు ఊరికే ఆనించండి. నొక్కొద్దు. కుడిచేత్తో ఆ తీగనే మీటుతూ ఉండండి. టప్ టప్ అని మొద్దు చప్పుడు వస్తోందా? ఇప్పుడు వేలి బరువు రవ్వంత పెంచండి. జర్రుమంటుంది. ఇంకో రవ్వ. అదిగో, స్వరం తేలింది. అక్కడే ఆగండి. ఇంతకు మించి ఆ తీగ మిమ్మల్ని ఏమీ అడగటం లేదు. ఇప్పుడు మీరు రోజూ ఎలా నొక్కుతారో అలా నొక్కి చూడండి.

నవ్వుతున్నారు కదా. రోజూ పెట్టే బలంలో ముప్పాతిక వంతు దండగే. దండగే అయితే పోనీ అనుకోవచ్చు. గట్టిగా నొక్కితే తీగ సాగి, స్వరం ఉండాల్సిన చోటు నుంచి కాస్త పైకి జరుగుతుంది. అంటే చెమటోడ్చి మరీ అపశ్రుతి పలికిస్తున్నాం. వేలిని రెండు ఫ్రెట్ల మధ్యలో కాకుండా ముందున్న ఫ్రెట్‌కి ఆనీ ఆనకుండా పెడితే ఆ కాస్త బలం కూడా ఇంకా తగ్గుతుంది.

నేను పదహారో ఏట గిటార్ పట్టుకున్నాను. నేర్పిన మాస్టారు మంచి మనిషే, కానీ ఆయనకి వేళ్లు పొక్కులెక్కితేనే సాధన. ‘ఏడుస్తూ నేర్చుకున్నది మర్చిపోవురా’ అనేవారు. ఏడుస్తూనే నేర్చుకున్నాను. రెండేళ్లకి ఎడమ మణికట్టు పట్టేసి, గ్లాసుతో మంచినీళ్లు ఎత్తలేని స్థితికి వచ్చాను. ఆరు నెలలు గిటార్ మంచం కింద ఉంది. మళ్లీ తీసినప్పుడు గట్టిగా నొక్కే ఓపిక లేక మెల్లగా నొక్కాను. అప్పుడు తెలిసింది, అంత అవసరమే లేదని. తెలివితో కాదు, నొప్పితో తెలుసుకున్నాను. వేలికొసల చర్మం కొత్తలో నాలుగు వారాలు మండటం వేరు, మణికట్టూ ముంజేయీ లాగటం వేరు. మొదటిది పోతుంది. రెండోది వస్తే ఆ పూటకి గిటార్ పక్కన పెట్టేయండి.

కచేరీల్లో సోలోలు వాయించేవాళ్ల సంగతి నాకనవసరం. మీరు పాటలు కట్టుకునేవాళ్లు. మీ చేతులు వాయిస్తుంటే నోరు పాడాలి, మనసు తర్వాతి మాట వెతుక్కోవాలి. ఎడమచెయ్యి యుద్ధం చేస్తుంటే మాట ఎక్కడి నుంచి వస్తుంది? ఒక పరీక్ష చెప్తాను. రెండు కార్డులు, అంటే కలిపి మోగించే స్వరాల గుంపులు, మార్చి మార్చి వాయిస్తూ, పక్కవాళ్లతో పొద్దున ఏం టిఫిన్ తిన్నారో మాట్లాడండి. మాట తడబడితే ఆ కార్డులు మీకు ఇంకా రానట్టే. ఎంత వేగంగా మారుస్తున్నారన్నది తర్వాతి సంగతి.

ఇక అందరూ భయపడే ఎఫ్ కార్డ్. చూపుడువేలు ఆరు తీగల మీదా అడ్డంగా పడుకోవాలి, నిజమే. కానీ ఆరింటినీ నొక్కక్కర్లేదు. లెక్కేయండి. ఐదో తీగని ఉంగరపు వేలు చూసుకుంటుంది, నాలుగో తీగని చిటికెన వేలు, మూడో తీగని మధ్యవేలు. చూపుడువేలికి మిగిలినవి ఒకటి, రెండు, ఆరు. మూడే తీగలు. మధ్యలో వేలు కాస్త గుల్లగా ఉన్నా ఏ నష్టమూ లేదు. బొటనవేలితో వెనక నుంచి పటకారులా నొక్కకుండా, మోచేతి బరువుతో గిటార్ మెడని మీ వైపు లాక్కున్నట్టు పట్టుకోండి. గిటార్ పొట్టకి ఆనుకుని ఉంటుంది కాబట్టి అది ఎక్కడికీ పోదు.

అయినా రాలేదా? అదే ఆకారాన్ని ఐదో ఫ్రెట్ దగ్గరికి తీసుకెళ్లి వాయించండి. అక్కడ హాయిగా పలికి ఇక్కడ పలకకపోతే చాలామటుకు తప్పు మీది కాదు, గిటార్‌ది. మెడ చివర తీగలు ఆనే నట్ ఎత్తుగా ఉందన్నమాట. మూడో ఫ్రెట్ దగ్గర తీగ నొక్కిపట్టి, మొదటి ఫ్రెట్ మీద సందు చూడండి. పల్చటి కాగితం దూరేంత ఉండాలి. అట్టముక్క దూరుతోందంటే సెటప్ చేసేవాళ్లకి చూపించాల్సిందే. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు రెండు, రెండున్నర మిల్లీమీటర్లుంటే మామూలు స్టీలు తీగల గిటార్‌కి సరిపోతుంది. ఆరు స్టీలు తీగలు కలిసి మెడని సుమారు 70 కిలోల బలంతో లాగుతుంటాయి. దానికి మన సముద్రపు గాలి తోడు. మెడ వంగదా మరి? ఎంతమంది ఈ సంగతి తెలియక, నాకు చేతకాదని గిటార్ అమ్మేసుకున్నారో!

చెయ్యి సహకరించకపోతే గిటార్‌నే మార్చుకున్న పెద్దవాళ్లున్నారు. బర్మింగ్‌హామ్‌లో తర్వాత బ్లాక్ సబ్బాత్ బ్యాండ్ గిటారిస్టు అయిన టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో, 1965లో, రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం మానేసే రోజునే యంత్రంలో చెయ్యి పడి రెండు వేలికొసలు పోగొట్టుకున్నాడు. ప్లాస్టిక్ కరిగించి తొడుగులు చేసుకున్నాడు, పల్చటి తీగలు వేసుకున్నాడు, ఆ తర్వాత శ్రుతి దించి తీగల్ని వదులు చేశాడు. హెవీ మెటల్ అని మనం వినే ఆ బరువైన నాదానికి మూలం అక్కడుంది. కెనడాలో గాయని జోనీ మిచెల్‌కి తొమ్మిదో ఏట పోలియో వచ్చి ఎడమచెయ్యి బలహీనపడింది. మామూలు కార్డులు పట్టడం కష్టమై, ఏ వేలూ పెట్టకుండానే కార్డ్ పలికేలా తీగల శ్రుతులే మార్చుకుంది. అలా పదుల కొద్దీ శ్రుతులు పట్టుకుంది. ఒక్కో శ్రుతిలోంచి మామూలుగా తట్టని పాటలు వచ్చాయి. ఆమె కూడా మీలాగా పాటలు రాసుకునే మనిషే.

ఇప్పుడు మన ఇంట్లోకి వద్దాం. ఇక్కడ కర్ణాటక సంగీతం నేర్చుకున్నవాళ్లు ఎంతమంది? ఆ, చాలామందే ఉన్నారు. సరళీ వరుసలు దేనిలో మొదలుపెట్టారు? మాయామాళవగౌళ రాగంలో. పురందరదాసు పెట్టిన పద్ధతి అంటారు. దాని మీద గిటార్ ఎలా వాయించాలని ఒకమ్మాయి నన్నడిగితే నేనూ మొదట్లో తల గోక్కున్నాను. ఎందుకంటే మామూలుగా చేసే పని స, మ, ప ల మీద మూడు మేజర్ కార్డులు వేయడం. పంచమం మీద మేజర్ కార్డ్ వేస్తే దాన్లో చతుశ్రుతి రిషభం దూరుతుంది. మాయామాళవగౌళది దానికంటే అరమెట్టు కింద ఉండే శుద్ధ రిషభం. రాగం అక్కడికక్కడే పోయింది.

మరి ఏం చేయాలి? ఇ స్వరాన్ని షడ్జం చేసుకోండి. ఇ మేజర్‌లో ఉన్నవి స, గ, ప. బాగుంది. ఎఫ్ మేజర్‌లో రి, మ, ద. అవీ రాగంలోవే. ఎ మైనర్‌లో మ, ద, స. అవీ రాగంలోవే. మూడు కార్డులు చేతిలో ఉన్నాయి, ఒక్క పరాయి స్వరం లేదు. అసలు తమాషా ఇంకా ఉంది. ఎఫ్‌కి చూపుడువేలు అడ్డంగా వేసి బార్ పట్టొద్దు. ఇ కార్డ్ పట్టుకున్న మూడు వేళ్లనీ అలాగే ఒక్క ఫ్రెట్ ముందుకి జరపండి. సన్నటి రెండు తీగలూ, అన్నిటికంటే లావు తీగా ఖాళీగానే వదిలేయండి. వినండి... ఇదీ. ఖాళీ తీగలు స, ప అని మోగుతూనే ఉన్నాయి, తంబూరాలాగా. వేళ్ల కింద రి, మ, ద పలుకుతున్నాయి. కష్టపడి పట్టే ఎఫ్ కంటే కష్టపడకుండా జరిపిన ఈ ఎఫ్‌లోనే రాగం ఎక్కువ ఉంది. స్పెయిన్‌లో ఫ్లమెంకో గిటార్ వాళ్ల చేతుల్లో తరాలుగా ఉన్న కదలిక ఇదే.

స్వరాన్ని ఊపి పలికించే గమకం సంగతేమిటి అని సంగీతం మాస్టారు అక్కడి నుంచి చూస్తున్నారు. ఫ్రెట్ల మీద గమకం పలకదని నేననను. పాలకొల్లు నుంచి వచ్చిన మాండొలిన్ శ్రీనివాస్ ఐదు తీగల ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద ఏం పలికించాడో మీకు నేను చెప్పాలా? కానీ మీరు పాడుతూ వాయిస్తున్నప్పుడు గమకం గొంతుకి వదిలేయండి. గిటార్ మాత్రం పాట కింద కుదురుగా కూర్చుంటే చాలు.

శ్రుతి గురించి ఒక్క మాట, నిజానికి ఇది ఫిర్యాదు. నా దగ్గరికొచ్చే పిల్లల్లో చాలామంది వేళ్లకి వచ్చిన కార్డుల్లో పాడతారు. జి వచ్చు కాబట్టి జి. గొంతు పల్లవిలో గొణుగుతుంది, చరణంలో కీచుమంటుంది. మన పాటగాళ్లు ఏం చేస్తారు? ముందు ‘నాది నాలుగున్నర శ్రుతి’ అంటారు, పక్కవాద్యాలు దానికి సర్దుకుంటాయి. మీరూ అలాగే చేయండి. ఇ అంటే మూడు శ్రుతి. ఇందాకటి ఆకారాలే ఉంచి మొదటి ఫ్రెట్‌కి కాపో, అంటే తీగలన్నిటినీ నొక్కిపట్టే క్లిప్పు, పెడితే నాలుగు, మూడో ఫ్రెట్‌కి పెడితే ఐదు, ఐదో ఫ్రెట్‌కి పెడితే ఆరు శ్రుతి. వేళ్లు అవే, గొంతు మారితే కాపో జరుగుతుంది. అమెరికాలో నాష్‌విల్ స్టూడియోల్లో 1950ల చివరి నుంచి కార్డుల్ని పేర్లతో కాకుండా ఒకటి, నాలుగు, ఐదు అని అంకెలతో రాసుకుంటున్నారు, గాయకుడు శ్రుతి మార్చినా కాగితం మార్చక్కర్లేకుండా. సరిగమలు పాడుకున్నవాళ్లకి ఇది కొత్త విద్యేం కాదు.

చివరిగా కుడిచెయ్యి. వీడియోల్లో చూసి అందరూ ఒకే స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నీ కలిపి మీటే వరస, నేర్చుకుంటున్నారు. నాలుగు దెబ్బల్లో కింద, కింద, పైన, పైన, కింద, పైన. ఏ పాట వచ్చినా అదే. మొన్న ఒక కుర్రాడు రెండు లైన్లు రాసుకొచ్చాడు. అతన్ని అడిగే చెప్తున్నాను:

వాన వెలిసిన వీధి చివరన
దీపమొక్కటి వెలుగుతున్నది

మంచి లైన్లే. కానీ గిటార్ మీద అతను ‘వాన వెలిసినా... వీధీ చివరనా’ అని సాగదీశాడు. నాలుగులో ఇమడక. తెలుగులో హ్రస్వాన్ని దీర్ఘం చేస్తే ఊరుకుంటుందా? కలం కాలమైపోతుంది, పడి పాడి అయిపోతుంది. గిటార్ పక్కన పెట్టించి, ఉత్తినే చదవమన్నాను. తొడ మీద తాళం వేస్తూ చదివాడు. వాన, మూడు మాత్రలు. వెలిసిన, నాలుగు. వీధి, మూడు. చివరన, నాలుగు. తకిట తకధిమి, తకిట తకధిమి. రెండో లైన్ కూడా అంతే, దీప మొక్కటి, వెలుగు తున్నది. ఏడు మాత్రల మిశ్రగతి. మన విజయనగరం గురజాడవారి ముత్యాల సరాల నడక. ఈ కుర్రాడికి ఛందస్సు పేరు కూడా తెలియదు, చెవిలో ఉంది, రాసేశాడు. చేతిలో ఉన్న నాలుగు దెబ్బలు దాన్ని నలిపేస్తున్నాయి.

అప్పుడు చేసింది ఒక్కటే. ‘త’ పడిన రెండు చోట్లా బొటనవేలితో లావు తీగ మీటమన్నాను. మిగతా మాత్రల్లో సన్నతీగల మీద వేళ్లు ఊరికే రాసినట్టు తగలమన్నాను. పిక్, అంటే మీటే బిళ్ల, వాడేవాళ్లయితే పిక్‌ని ఎవరైనా లాగితే ఊడొచ్చేంత వదులుగా పట్టుకోవాలి. ఐదు నిమిషాలు తప్పులు పడ్డాయి, ఆ తర్వాత మాటలు తమంతట తాము కూర్చున్నాయి. అతను చెయ్యి చూసుకోవడం మానేసి కిటికీలోంచి బయటికి చూస్తూ పాడాడు.

సరే, నా మాటలు చాలు. పది నిమిషాలు టీ తాగి వద్దాం. వచ్చాక ఒక్కొక్కరూ మీరు రాసుకున్న రెండు లైన్లు చదవండి, గిటార్ లేకుండా. మాత్రలు అందరం కలిసి లెక్కపెడదాం. ఈలోగా గిటార్లు శ్రుతి చేసుకోండి. మూడో వరసలో ఎవరిదో రెండో తీగ దిగింది, ఇందాకటి నుంచి నా చెవిలో గుచ్చుకుంటోంది.