జలుబు బిళ్ళ కొనేముందు షీటు వెనక్కి తిప్పండి

నమస్కారం అండీ. ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం వైపు ఉన్న మనవాళ్ళ కోసం ఈ వీడియో. రొంప పట్టింది, ఒళ్ళు వెచ్చబడింది. మందుల షాపుకెళ్ళి మనం ఏమంటాం? "జలుబుకి ఏదైనా ఇవ్వండి" అంటాం. షాపతను షీటు కత్తిరించి నాలుగు బిళ్ళలు చేతిలో పెడతాడు. ఆ ముక్క మీద మందు పేరు సగమే ఉంటుంది, ఎక్స్‌పైరీ తేదీ అసలు ఉండదు. కాబట్టి పూర్తి షీటు తీసుకోండి. అన్ని బిళ్ళలు అక్కర్లేదంటే, కత్తిరించకముందే షీటు వెనకవైపు ఫోన్‌తో ఫొటో తీసుకోండి. షాపతను ఏమీ అనుకోడు.

ఇదిగో, చూడండి. ముందువైపు పెద్ద అక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. లోపల ఏముందో వెనక చిన్న అక్షరాల్లో రాసుంటుంది. ఈ బిళ్ళలో మూడు మందులున్నాయి. పారాసెటమాల్ 500 మిల్లీగ్రాములు, ఇది జ్వరానికీ ఒళ్ళునొప్పులకీ. క్లోర్‌ఫెనిరమిన్ 2 మిల్లీగ్రాములు, ముక్కు కారడానికీ తుమ్ములకీ. ఫెనైలెఫ్రిన్ 10 మిల్లీగ్రాములు, ముక్కు దిబ్బడకి.

మరి మీకు ఈ మూడు బాధలూ ఉన్నాయా? ముక్కు కారుతోంది అంతే, జ్వరం లేదు అంటే సిట్రిజిన్ ఒక్కటి చాలు, రాత్రి వేసుకోండి. జ్వరం, ఒళ్ళునొప్పులే అయితే ఉత్త పారాసెటమాల్ చాలు. క్లోర్‌ఫెనిరమిన్ వేసుకుంటే బాగా మత్తుగా ఉంటుంది. అది మింగి ఘాట్ రోడ్డు మీద బండి నడపకండి. ప్రోస్టేట్ వల్ల మూత్రం సరిగ్గా రాని పెద్దవాళ్ళకి అది ఇంకా ఇబ్బంది పెడుతుంది.

ఫెనైలెఫ్రిన్ సంగతి కూడా చెప్పాలి. దాన్ని నోటితో మింగితే ముక్కు దిబ్బడకి పనిచేయట్లేదని 2023లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిపుణుల కమిటీ తేల్చింది. పైగా బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. ముక్కు మూసుకుపోతే ఉప్పునీటి చుక్కలు, అంటే సెలైన్ నాజల్ డ్రాప్స్ వేసుకోండి. గ్జైలోమెటజోలిన్ చుక్కలు వెంటనే తెరిపిస్తాయి గానీ మూడు రోజులు దాటి వాడితే, ఆపగానే ముక్కు మళ్ళీ గట్టిగా బిగుసుకుపోతుంది.

ఇప్పుడు అసలు ప్రమాదం. మన ఇళ్ళలో ఏం జరుగుతుందంటే, జలుబు బిళ్ళ మూడు పూటలా వేసుకుంటారు. జ్వరం తగ్గలేదని మధ్యలో డోలో 650 కూడా వేస్తారు, అదీ 650 మిల్లీగ్రాముల పారాసెటమాలే. రెండూ వేరువేరు మందులనుకుంటారు. లెక్క వేద్దాం. జలుబు బిళ్ళలో 500, మూడుసార్లకి 1500. డోలో నాలుగుసార్లు వేస్తే 2600. మొత్తం 4100 మిల్లీగ్రాముల పారాసెటమాల్. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకే రోజుకి 4000 దాటకూడదు. దాటితే దెబ్బ లివర్ మీద పడుతుంది, అది పడేటప్పుడు తెలియదు కూడా. రోజూ సారా, జీలుగు కల్లు తాగేవాళ్ళకి, బాగా బక్కగా ఉన్నవాళ్ళకి, లివర్ జబ్బున్నవాళ్ళకి హద్దు ఇంకా తక్కువ. వాళ్ళు ఎంత వేసుకోవచ్చో డాక్టరే చెప్పాలి. అందుకే ఇంట్లో ఉన్న షీట్లన్నీ ఒకచోట పెట్టి వెనక చదవండి. పారాసెటమాల్ రెండింటిలో కనబడితే ఒకటి పక్కన పెట్టేయండి.

మన జిల్లాల్లో ఇంకొకటి ఉంది, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జ్వరం ఉంది, వణుకుతున్నారు, కానీ ముక్కు కారట్లేదు, గొంతు నొప్పి లేదు. అది రొంప కాకపోవచ్చు, మలేరియా కావచ్చు. రొంప ఉన్నా సరే, ఇక్కడ జ్వరం వస్తే రక్తం చూపించుకోవాల్సిందే. కొండ ఊళ్ళలో మలేరియా కోసమే ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి దమన్ కార్యక్రమం నడుపుతోంది. ఆశా దీదీ దగ్గర కిట్ ఉంటుంది. వేలు గుచ్చి ఒక్క చుక్క రక్తం తీస్తే పావుగంట, ఇరవై నిమిషాల్లో తెలిసిపోతుంది, డబ్బులు అక్కర్లేదు. పారాసెటమాల్‌తో జ్వరం దిగిందని ఊరుకుంటే లోపల మలేరియా పెరుగుతూనే ఉంటుంది. వానాకాలంలో డెంగీ భయం కూడా ఉంటుంది కాబట్టి, రక్తపరీక్ష అయ్యేదాకా ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి బిళ్ళలు ముట్టుకోకండి. రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది.

ఉన్నట్టుండి పెద్ద జ్వరంతో పడిపోతే అది ఫ్లూ కూడా కావచ్చు. గర్భిణులు, ముసలివాళ్ళు, షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ళు ఇంట్లో చూస్తూ కూర్చోకండి. ఒసెల్టామివిర్ అనే మందుంది, 48 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. డాక్టర్ చీటీ ఉండాలి.

అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మూడు బిళ్ళల షీటు అడిగి తెచ్చుకుంటున్నారు చాలామంది. షీటు మీద నిలువుగా ఎర్రగీత కనబడుతోందా? డాక్టర్ రాయకుండా అమ్మకూడదని దానర్థం. జలుబు, ఫ్లూ వైరస్‌తో వస్తాయి, యాంటీబయాటిక్ వాటిని ఏమీ చేయలేదు.

పెద్దవాళ్ళ దగ్గు గురించి రెండు మాటలు. పొడిదగ్గుకి డెక్స్‌ట్రోమెథార్ఫాన్, కఫం పడే దగ్గుకి ఆంబ్రాక్సాల్. రెండూ కలిపి కొనకండి.

ఇక పిల్లలు. 2025లో మధ్యప్రదేశ్ ఛింద్వారాలో దగ్గు సిరప్పు తాగి చాలామంది పిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. ఆ సిరప్పులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషం బయటపడింది. రెండేళ్ళలోపు పిల్లలకి దగ్గు, జలుబు మందులు రాయవద్దని, అయిదేళ్ళలోపు వాళ్ళకి కూడా మామూలుగా అక్కర్లేదని కేంద్ర ఆరోగ్యశాఖ ఆ అక్టోబర్‌లోనే చెప్పింది. ఏడాది దాటిన పిల్లలకి దగ్గొస్తే పడుకునేముందు ఒక చెంచా తేనె ఇవ్వండి. ఏడాదిలోపు పిల్లలకి తేనె నాకించకండమ్మా, వాళ్ళకి అది ప్రమాదం. నిమెసులైడ్ అనే జ్వరం, నొప్పి మందు పన్నెండేళ్ళలోపు వాళ్ళకి 2011 నుంచే నిషేధం.

పిల్లల జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే, అదీ బరువును బట్టి. ఒక్కోసారికి కిలోకి 10 నుంచి 15 మిల్లీగ్రాములు, రోజుకి నాలుగుసార్లు మించకుండా. ఈ రెండు సీసాలు చూడండి, రెండూ పారాసెటమాలే. ఒకదాంట్లో 5 మిల్లీలీటర్లకి 120 మిల్లీగ్రాములు, రెండోదాంట్లో అదే 5 మిల్లీలీటర్లకి 250. పన్నెండు కిలోల బిడ్డకి 120 సీసాలోంచి 5 మిల్లీలీటర్లు పోస్తే సరిపోతుంది, 250 సీసాలోంచి అయితే రెండున్నర మిల్లీలీటర్లే పోయాలి. చుక్కల సీసాలో మందు ఇంకా చిక్కగా ఉంటుంది. అన్నం తినే చెంచాతో కొలవకండి, సీసాతో వచ్చిన మూతతోనే కొలవండి. మూడు నెలల్లోపు పసిబిడ్డకి జ్వరమొస్తే మాత్రం ఇంట్లో ఏ మందూ వేయకుండా ఆసుపత్రికే తీసుకెళ్ళాలి.

బిడ్డ నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, గడియారం పెట్టుకుని నిమిషం పాటు ఊపిరి లెక్కపెట్టండి. రెండు నెలల నుంచి ఏడాదిలోపు వాళ్ళకి 50, ఏడాది నుంచి అయిదేళ్ళ వాళ్ళకి 40. ఆ అంకెకి చేరినా దాటినా, లేదా ఊపిరి తీస్తున్నప్పుడు డొక్క లోపలికి పోతున్నా, అది నిమోనియా కావచ్చు. మందుల షాపుకి వెళ్ళకండి. 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి బయల్దేరండి, ఇంట్లో ఏయే మందులు వేశారో ఆ షీట్లూ సీసాలూ సంచిలో వేసుకుని వెళ్ళండి.