ఆ ఖైదీ దేనితో చనిపోయాడు?

(కర్నూలులో న్యాయవాదులు, ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

హెచ్‌ఐవీ ఉన్న ఖైదీ జబ్బు చేసి చనిపోతే కాగితం మీద పడే మాట 'సహజ మరణం'. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లోనూ జబ్బుతో పోయినవాళ్లంతా ఆ ఖానాలోకే వెళ్తారు. నాకు ఆ మాటతోనే పేచీ. హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు త్వరగా మొదలుపెట్టి, రోజూ మానకుండా వేసుకునే మనిషి ఇప్పుడు దాదాపు అందరిలాగే బతుకుతున్నాడు. మన దేశంలో 2017 నుంచి సీడీ4 (రక్తంలో రోగనిరోధక కణాల లెక్క) ఎంతున్నా సరే, పాజిటివ్ అని తేలితే చాలు, ఉచితంగా మందులిస్తున్నారు. అయినా జైల్లో ఎందుకు పోతున్నారు?

ముందు టీబీ సంగతి. ప్రపంచమంతటా హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల ప్రాణాలు ఎక్కువగా తీస్తున్నది అదే. గాలాడని బ్యారక్‌లో పక్కపక్కనే పడుకునే చోట అది పాకడానికి పెద్దగా టైం పట్టదు. ఇంకో చిక్కుంది. రోగనిరోధక శక్తి బాగా పడిపోయినవాళ్ల తెమడలో క్రిములు కనబడకపోవచ్చు, ఎక్స్‌రే కూడా మామూలుగానే ఉండొచ్చు. జబ్బు మెడ గడ్డల్లోనో, పొట్టలోనో, మెదడు పొరల్లోనో ఉంటుంది. తెమడ నెగెటివ్ వచ్చిందని వెనక్కి పంపేస్తే, మళ్లీ తీసుకొచ్చేసరికి ఆలస్యమైపోతుంది. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు... వీటిలో ఏ ఒక్కటి ఉన్నా టీబీ క్రిమి జన్యువును పట్టే సీబీనాట్ లేదా ట్రూనాట్ పరీక్ష చేయించాలి. ఏవీ లేకపోతే టీబీ రాకుండా ఐసోనియజిడ్ ఆరు నెలలు ఇవ్వాలి. అది చాలా చవక మాత్ర. దాన్ని ఇవ్వకపోవడానికి ఏ సాకూ నేను ఒప్పుకోను.

సీడీ4 200 కన్నా తగ్గినవాళ్లకు క్రిప్టోకాకస్ అనే ఫంగస్ మెదడు పొరలకు సోకే ముప్పుంది. రోజుల తరబడి తలనొప్పి, వాంతులు. ఆసుపత్రికి పోవడానికి నాటకాలాడుతున్నాడని అనుకుంటారు. చిన్న రక్త పరీక్షతో ముందే పసిగట్టగలిగిన జబ్బిది.

ఇక మందులు ఆగిపోవడం. రాత్రి పూట అరెస్టవుతాడు, మందుల వివరాలుండే ఏఆర్‌టీ పుస్తకం ఇంట్లో ఉండిపోతుంది. చెబితే బ్యారకంతా తెలిసిపోతుందన్న భయంతో నోరు విప్పడు. చెప్పినా, పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలంటే పోలీసు ఎస్కార్ట్ కావాలి. బందోబస్తు పనులుంటే ఎస్కార్ట్ రాదు, ఆ నెల మందులూ రావు. 2022 చివరికి దేశంలోని ఖైదీల్లో 75.8 శాతం మంది విచారణలో ఉన్నవాళ్లే. అంటే నేరం రుజువు కాకుండానే చికిత్స తెగిపోతున్నవాళ్లు వీళ్లలో ఉన్నారు.

విడుదలయ్యాకా గండం తప్పదు. అమెరికాలోని టెక్సాస్‌లో 2004 నుంచి 2007 వరకు జైల్లో ఏఆర్‌టీ వాడుతూ విడుదలైన హెచ్‌ఐవీ ఖైదీలను గమనిస్తే, పది రోజుల్లోపు మందులు తెచ్చుకున్నది నూటికి ఐదుగురే. మన దగ్గర కడప సెంట్రల్ జైలు నుంచి ఊరికి బస్సెక్కే మనిషికి మందులు ఏ సెంటర్లో దొరుకుతాయో చెప్పి పంపేవాళ్లు ఉండాలి కదా.

చట్టం స్పష్టంగానే ఉంది. 2018 సెప్టెంబరు 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం ప్రభుత్వ కస్టడీలో ఉన్న ప్రతి మనిషికీ పరీక్ష, కౌన్సెలింగ్, చికిత్స హక్కుగా ఇచ్చింది. కోర్టులో పేరు బయటపడకుండా చూడమని అడిగే వీలు కూడా అందులో ఉంది. వకీళ్లు దీన్ని వాడుకోవాలి. కస్టడీ మరణంపై మేజిస్ట్రేట్ విచారణకు వెళ్లినప్పుడు చివరి సీడీ4 ఎంత, టీబీ పరీక్ష ఎప్పుడు చేశారు, ఎస్కార్ట్ లేక ఎన్నిసార్లు ఆసుపత్రికి పంపలేదు అని రాతపూర్వకంగా అడగండి.

రిమాండు రోజునే, చుట్టూ ఎవరూ లేకుండా చూసి, క్లయింటును 'రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా అన్నా' అని అడగండి. ఉన్నాయంటే ఆ సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి పుస్తకం, మిగిలిన మాత్రలు తెప్పించి జైలు డాక్టరుకు అందేలా చూడండి. ఆరోగ్య కార్యకర్తలు ఆ పుస్తకంలోని సెంటరుకు కబురు పెట్టి, వచ్చే నెల మందులు జైలుకే చేరే ఏర్పాటు అడగండి.