చెన్నై మిద్దె మీద మామిడి తాండ్ర, ఎండు అరటి: ఏ టైములో ఎండబెట్టాలి?

(దృశ్యం: మే నెల, పొద్దున తొమ్మిది. మిద్దె మీద రెండు పాత కుర్చీలు, వాటి మీద అడ్డంగా కర్రలు, కర్రల మీద స్టీలు పళ్లేలు. పైన పల్చటి నూలుగుడ్డ.)

వాయిస్: నమస్కారమండీ. "చెన్నైలో ఎండకేం కరువు, పళ్లు ఎండబెట్టడం ఎంతసేపు!" అనుకుని చాలామంది అరటి ముక్కలు మిద్దెక్కిస్తారు. మూడో రోజుకి వాటి మీద తెల్లగా బూజు కనబడుతుంది. కత్తిరి ఎండల్లో నలభై డిగ్రీలు దాటే ఊళ్లో ముక్క బూజు పట్టడమేమిటి?

పండులోని నీళ్లు బయటికి రావడానికి వేడి కావాలి, నిజమే. కానీ వచ్చిన తేమను పట్టుకుపోవడానికి చుట్టూ పొడిగాలి ఉండాలి, ఆ గాలి ఆడుతూ ఉండాలి. మనది సముద్రం పక్క ఊరు. గాలిలోనే నీళ్లు నిండి ఉంటే ముక్కలోని నీళ్లు ఎక్కడికి పోతాయి? నవంబరులో ఆరేసిన దుప్పటి సాయంత్రానికి ఎలా ఉంటుందో, ముక్కా అలాగే ఉంటుంది.

(దృశ్యం: అరచేతిలో పచ్చ కిస్మిస్, నల్ల కిస్మిస్.)

వాయిస్: మహారాష్ట్రలో సాంగ్లీ, తాస్‌గావ్ వైపు ద్రాక్షను షెడ్లు కట్టి, నీడలో వలల మీద ఆరబెడతారు. అఫ్గానిస్తాన్‌లో అయితే గోడల నిండా కన్నాలుండే మట్టి ఇళ్లు కట్టి, లోపల గుత్తులు వేలాడదీస్తారు. ఎండ తగలదు కాబట్టే ఆ కిస్మిస్ పచ్చగా ఉంటుంది. పని చేసేదంతా అక్కడి పొడిగాలే. కాబట్టి మనం కూడా మిద్దెక్కే ముందు సూర్యుణ్ని వదిలేసి గాలి సంగతి చూద్దాం.

(తెర మీద: హ్యూమిడిటీ 60 శాతం లోపు)

వాయిస్: ఫోన్లో వెదర్ యాప్ తెరిస్తే ఉష్ణోగ్రత కింద హ్యూమిడిటీ అని ఉంటుంది. అది 60 శాతం కన్నా తక్కువ, ఎండ 30 డిగ్రీలు పైన ఉంటే పళ్లు బయట పెట్టొచ్చు. చెన్నైలో వేసవిలో తెల్లవారుజామున తేమ ఎక్కువ. పొద్దెక్కేకొద్దీ పడమటి గాలి తిరిగి, తేమ తగ్గుతుంది. మధ్యాహ్నం ఎప్పుడో సముద్రపు గాలి లోపలికొస్తుంది. మన ఒంటికి హాయి, పళ్లేలకి చేటు. బెసంట్ నగర్, తిరువాన్మియూరు వాళ్లకి అది ముందే తగులుతుంది. పోరూరు, ఆవడి వైపు వాళ్లకి ఇంకాస్త టైము దొరుకుతుంది. తొమ్మిదింటికి పెట్టండి, సముద్రపు గాలి తగిలి యాప్‌లో అంకె 60 దాటగానే లోపలికి తెచ్చి ఫ్యాన్ కింద పెట్టండి. రాత్రంతా బయట వదిలేస్తే పగలు పోయిన తేమ మళ్లీ లోపలికి ఎక్కుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల్లో, మిద్దె జోలికి వెళ్లొద్దు. మెయిన్ రోడ్డు పక్కనే ఇల్లయితే వేసవిలో కూడా వద్దు. నూలుగుడ్డ ఈగల్ని ఆపుతుంది గానీ బస్సుల దుమ్మును ఆపదు.

(దృశ్యం: వంటగది. బంగినపల్లి, పక్కనే ముక్కు తిరిగిన తోతాపురి. అత్తయ్య కుర్చీలో.)

వాయిస్: ఇక తాండ్ర. ఆత్రేయపురం అనగానే అందరికీ పూతరేకులు గుర్తొస్తాయి, నాకు మాత్రం ముందు తాండ్రే. అక్కడ చాపల మీద గుజ్జు పొర పోసి, ఎండాక ఇంకో పొర పోసి, అలా మందం తెస్తారు. మనం అదే పద్ధతి పళ్లెంలో చేస్తాం.

రసాలు ఇక్కడ సులువుగా దొరకవు. దొరికితే గుజ్జు జల్లెడ పట్టి పీచు తీసేయాలి. కోయంబేడులో మేలో బంగినపల్లి, తోతాపురి రెండూ కుప్పలుగా ఉంటాయి. ఉత్త బంగినపల్లితో చేస్తే తాండ్ర ఊరికే తియ్యగా, చప్పగా వస్తుంది. మూడు వంతులు బంగినపల్లి, ఒక వంతు తోతాపురి వేయండి. ఆ పులుపే రుచి. పులుపు ఉంటే రంగు కూడా తొందరగా నల్లబడదు. తోతాపురి లేకపోతే కిలో గుజ్జుకి రెండు చెంచాల నిమ్మరసం.

అత్తయ్య: ఏమ్మా, గుజ్జు పొయ్యి మీద పెడుతున్నావేంటి? మేం పచ్చి గుజ్జే పోసేవాళ్లం.

వాయిస్: మీ ఊళ్లో రోజంతా వడగాలి కదా అత్తయ్యా. ఇక్కడ మధ్యాహ్నానికే ఆగిపోతుంది, మొదటి రోజు ఆరేది తక్కువ. ఈలోపు గుజ్జు పులిసిపోతుంది.

అత్తయ్య: సరే, అడుగంటకుండా చూసుకో.

(క్లోజప్: అడుగు మందం గిన్నెలో గుజ్జు, బుడగలు చిట్లుతున్నాయి.)

వాయిస్: కిలో గుజ్జుకి 150 గ్రాముల బెల్లం తురుము. సన్న సెగ మీద పది నిమిషాలు, బుడగలు బరువుగా లేచి చిట్లే దాకా తిప్పుతూ ఉండండి. చేతి మీద పడితే బాగా కాలుతుంది, పొడుగు గరిటె వాడండి. వేడికి రంగు నల్లబరిచే ఎంజైములు పనిచేయడం మానేస్తాయి, పులియబెట్టే ఈస్టు చాలావరకు చస్తుంది, కొంత నీరు కూడా ఇక్కడే పోతుంది.

స్టీలు పళ్లేనికి నెయ్యి రాసి, మొదటి పొర మూడు మిల్లీమీటర్ల మందంలో పోయండి. రెండు రూపాయి బిళ్లలు ఒకదాని మీద ఒకటి పెట్టినంత అనుకోవచ్చు. ఆత్రంతో మందంగా పోశారా, పైన తోలు కడుతుంది, కింద గుజ్జు గుజ్జుగానే ఉంటుంది. అల్యూమినియం పళ్లెం వద్దు, మామిడి పులుపు దాన్ని తినేస్తుంది.

(క్లోజప్: తాండ్ర అంచు పళ్లెం నుంచి కొద్దిగా పైకి లేచింది. వేలితో లాగి, వెలుగుకి ఎదురుగా పట్టుకున్నారు.)

వాయిస్: ఇక్కడ జాగ్రత్తగా చూడండి. అంచు దానంతట అదే లేస్తోంది. వేలు పెడితే అంటుకోవట్లేదు. ఇప్పుడు వెలుగుకి ఎదురుగా పట్టుకుంటే చాలా భాగం తేనె రంగులో ఒకే తీరుగా ఉంది. మధ్యలో మాత్రం అరచేయంత మేర మసగ్గా, బరువుగా ఉంది. అది ఇంకా పచ్చి. తిరగేసి ఇంకో పూట పెట్టాలి. అంతా ఒకే రంగుకి వచ్చాకే రెండో పొర. మిగిలిన గుజ్జు అప్పటిదాకా ఫ్రిజ్‌లో ఉంచండి, పోసే ముందు ఇంకోసారి మరిగించండి.

(దృశ్యం: అరటిపళ్లు, సపోటాలు.)

వాయిస్: అరటికి కర్పూరవల్లి బాగుంటుంది. తిరుచ్చి దగ్గర తొట్టియం వైపు ఎండు అరటిని తేనెలో వేసి అమ్ముతారు, చెన్నైలో కూడా దొరుకుతుంది, రుచి చూడండి. పండు మీద చుక్కలు పడ్డాక, మెత్తబడక ముందు కోయాలి. అర సెంటీమీటరు మందం బిళ్లలు. సగం నిమ్మరసం, సగం నీళ్లు కలిపి పది నిమిషాలు ముంచి తీస్తే నల్లబడవు. బజారులో ఎండు ఆప్రికాట్లు, కొన్ని కిస్మిస్ అంత నిగనిగలాడేది గంధకం వల్ల. లేబుల్ మీద 220 అంకె కనిపిస్తే అది సల్ఫర్ డయాక్సైడ్. ఉబ్బసం ఉన్నవాళ్లలో కొందరికి పడదు.

సపోటాని తొక్క తీసి, గింజలు తీసి, అలాగే కోసి పెట్టండి. ముంచే పని కూడా లేదు, ఎలాగూ గోధుమరంగే. నన్నడిగితే ఎండు పళ్లలో రుచికి సపోటా తర్వాతే ఏదైనా. టాఫీలా సాగుతుంది. పుచ్చకాయతో మాత్రం పెట్టుకోవద్దు, అంతా నీళ్లే.

బిళ్లలకి పళ్లెం వద్దు, కింద నుంచి కూడా గాలి ఆడేలా వల గానీ స్టీలు జల్లెడ గానీ వాడండి. ఒక ముక్క మరో ముక్కకి తగలకూడదు. చాలా, చాలదా అని తేల్చుకోవడానికి చల్లారిన ముక్కని రెండుగా చింపి గట్టిగా నొక్కండి. చినిగిన చోట చెమ్మ ఊరకూడదు. వంగాలి, విరగకూడదు.

(దృశ్యం: డిహైడ్రేటర్ ట్రేలు.)

వాయిస్: మెషీన్ ఉన్నవాళ్లకి ఈ గాలి గొడవేం లేదు. 57 నుంచి 60 డిగ్రీలు పెట్టి, అరటి బిళ్లలకి ఎనిమిది గంటలు అనుకోండి, మందాన్ని బట్టి రెండు గంటలు అటూ ఇటూ. 400 వాట్ల మెషీన్ ఎనిమిది గంటలు తిరిగితే 3.2 యూనిట్లు. ఓవెన్‌లో 60, 70 డిగ్రీలు పెట్టే వీలుంటేనే ప్రయత్నించండి, తలుపు కొంచెం తెరిచి. 100 డిగ్రీల్లో పెడితే పైన గట్టి తొక్క కట్టి లోపలి నీళ్లకి దారి మూసుకుపోతుంది. పైకి ఎండినట్టే ఉంటుంది, వారంలో లోపలి నుంచి బూజు వస్తుంది.

ఎంత వస్తుందని కామెంట్లలో ఎలాగూ అడుగుతారు. కిలో అరటిపళ్లకి తొక్క పోగా, నీళ్లు పోగా 200 గ్రాములు. కిలో మామిడి గుజ్జు, 150 గ్రాముల బెల్లానికి 400 గ్రాముల లోపు తాండ్ర. నీళ్లు పోయాయి గానీ చక్కెర ఎక్కడికీ పోలేదు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే డబ్బా వాళ్లకి అందే చోట పెట్టొద్దు.

(దృశ్యం: గాజు సీసా, మూడింట రెండు వంతులు నిండి ఉంది.)

వాయిస్: ఎండగానే డబ్బాలో కుక్కేయొద్దు. కొన్ని ముక్కల్లో చెమ్మ ఎక్కువ, కొన్నిట్లో తక్కువ ఉంటుంది. బిళ్లలు పూర్తిగా చల్లారాక గాజు సీసాలో వదులుగా పోసి వారం రోజులు ఉంచండి, రోజూ ఒకసారి కుదపండి. చెమ్మ అన్ని ముక్కలకీ సర్దుకుంటుంది. సీసా లోపలి గోడకి నీటి బొట్లు కనబడితే అన్నీ మళ్లీ వలెక్కాల్సిందే.

మిద్దె మీద ఎండినవాటి మీద పురుగు గుడ్లు ఉండొచ్చు. జిప్ కవర్లో వేసి, డీప్ ఫ్రీజర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర 48 గంటలు పెడితే చస్తాయి. మీ ఫ్రీజర్ అంత చల్లబడకపోతే, ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర అరగంట. మెషీన్‌లో ఎండినవాటికి ఈ పని అక్కర్లేదు.

తాండ్రని బటర్ పేపర్లో చుట్టండి, లేకపోతే పొరలన్నీ అతుక్కుని ముద్దవుతుంది. పెద్ద డబ్బా ఒకటి కన్నా చిన్న సీసాలు నాలుగు మేలు. మూత తీసిన ప్రతిసారీ మన చెన్నై గాలి లోపలికి దూరుతుంది కాబట్టి, తీసిన సీసా పది రోజుల్లో ఖాళీ చేసేయండి, మిగతావి ఫ్రిజ్‌లో ఉంచండి.