ఇంట్లో చేసిన రాగి వాటర్ బ్లాక్: 11 డిగ్రీల తేడా ఎక్కడిది?

నమస్కారం. వాటర్ బ్లాక్ అంటే కంప్యూటర్ ప్రాసెసర్ మీద బిగించే దిమ్మె, దాని లోపల పారే నీరు ప్రాసెసర్ వేడిని మోసుకుపోతుంది. ఈ చేతిలో ఉన్నది నా మొదటి వాటర్ బ్లాక్, ఈ చేతిలోది రెండోది. రెండింటికీ అడుగు 50 మిల్లీమీటర్ల చదరపు రాగి దిమ్మె. పంపు, రేడియేటర్, ప్రాసెసర్ ఏవీ మార్చలేదు. ప్రాసెసర్‌కు పూర్తి పని అప్పగించి అరగంట నడిపితే, మొదటి బ్లాక్ కింద అది నీటికన్నా 36 డిగ్రీలు వేడిగా ఉంది. రెండోదాని కింద 25 డిగ్రీలే. ఆ తేడా ఎలా వచ్చిందో రెండింటినీ విప్పి చూపిస్తాను.

మొదటిది చూడండి. లోపలంతా ఖాళీ గది. నీరు ఒక మూల నుంచి వచ్చి ఇంకో మూల నుంచి వెళ్లిపోతుంది. గది పెద్దదైతే, అందులో నీరు ఎక్కువగా ఉంటే చల్లదనం పెరుగుతుందని అప్పట్లో నమ్మాను. లెక్క వేసి చూస్తే ఆ నమ్మకం నిలవలేదు. నిమిషానికి లీటరు నీరు పారితే చాలు, 140 వాట్ల వేడిని మోసుకుపోతూ అది వేడెక్కేది 2 డిగ్రీలే. మోయడానికి నీటికి ఏ ఇబ్బందీ లేదు. చిక్కంతా వేడి రాగిని వదిలి నీటిలోకి దిగే చోట ఉంది. రాగి గోడను అంటిపెట్టుకుని పలుచని నీటిపొర ఒకటి దాదాపు కదలకుండా ఉంటుంది. రాగి ఉష్ణవాహకత 400 దగ్గర ఉంటే, అదే కొలతలో నీటిది 0.6. అంత పలుచని పొర కూడా వేడికి దుప్పటి కప్పినట్టే. దాన్ని చెదరగొట్టాలి, నీటికి తగిలే రాగి విస్తీర్ణాన్నీ పెంచాలి. రెండో బ్లాక్ అంతా ఈ రెండు పనుల కోసమే గీసుకున్నాను.

కెమెరా దగ్గరకు తెస్తున్నాను. నడుమ 30 మిల్లీమీటర్ల చదరపు మిట్ట కనిపిస్తోందా? దానిమీద హాక్సాతో 15 గాట్లు కోశాను. ఒక్కోటి మిల్లీమీటరు వెడల్పు, 4 మిల్లీమీటర్ల లోతు. చదునుగా వదిలేస్తే 900 చదరపు మిల్లీమీటర్లు ఉండేది, గాట్ల గోడలు కలిసి 4,500 అయింది. రాగి మెత్తనిది, రంపం పళ్లలో ముద్దగా ఇరుక్కుంటుంది. నూనె చుక్కలు వేస్తూ నెమ్మదిగా కోయాలి. మూడు బ్లేడ్లు అరిగిపోయాయి.

పై మూతలో నీరు ఈ సన్నని చీలిక గుండా దూకి గాట్ల నడిమధ్యన పడుతుంది, అక్కడి నుంచి రెండు వైపులకూ చీలిపోతుంది. ప్రాసెసర్ వేడి ఎక్కువగా పుట్టేది దాని నడుమే కాబట్టి, అన్నిటికన్నా ముందు చల్లని నీరు అక్కడికే చేరాలి. నాకు బాగా నచ్చిన భాగం ఇదే.

గాట్ల కింద రాగిని 3 మిల్లీమీటర్లు ఉంచాను. మరీ పలుచనైతే వేడి పక్కలకు పాకదు, మరలు బిగించినప్పుడు అడుగు వంగుతుంది. మరీ మందమైతే వేడికి దారి పొడవవుతుంది. అడుగు భాగాన్ని గాజు పలకపై ఉప్పుకాగితం పరిచి 400, 800, 1200 నంబర్ల వరుసలో రుద్దాను. ఉక్కు స్కేలు అంచు ఆనించి వెలుతురుకు పట్టి చూస్తే ఎక్కడా కాంతి జారకూడదు.

ఇక నీరు కారడం. మొదటిదానికి మూత చుట్టూ జిగురు పూశాను, రెండో వారానికే నీటిబొట్టు కనిపించింది. రెండోదానికి 2 మిల్లీమీటర్ల మందం ఉన్న రబ్బరు వలయం, అంటే ఓ-రింగ్ వేశాను. దాని గాడి లోతు 1.5 మిల్లీమీటర్లు, వెడల్పు 2.7. రబ్బరు పావు వంతు నలగాలి, నలిగినది పక్కకు జరగడానికి చోటు ఉండాలి. మరలను ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించండి. ఆక్రిలిక్ మూతకు పైపులు తగిలించడానికి కొస సన్నగా ఉండే మరల గొట్టాలు వద్దు, అవి మేకులా దిగి పలకను పగలగొడతాయి. నాకు ఒక మూత అలాగే పోయింది.

కంప్యూటర్‌కు అమర్చే ముందు బ్లాక్ కింద టిష్యూ కాగితం పరిచి 24 గంటలు పంపు ఒక్కటే నడపండి. రాగి బ్లాక్‌తో అల్యూమినియం రేడియేటర్ కలపకండి, అల్యూమినియం తినుకుపోతుంది.

రెండోదానిలో లోపం లేకపోలేదు. ఆరు వారాల తర్వాత విప్పితే మధ్య గాట్లలో ఈ బూడిదరంగు పీచు కనిపించింది, ఇక్కడ చూడండి. రేడియేటర్‌ను సరిగా కడగకుండా బిగించాను. ఇప్పుడు బ్లాక్‌కు ముందు సన్నని వల పెట్టాను, నెలకోసారి తీసి కడుగుతున్నాను.